మంట తెలియని కన్ను

దూదిని పురి తిప్పి సన్నటి పోగు లాగాను. దాని కొసను పక్కనుంచి తెచ్చి అమ్మ ఎడమ కంటి నల్లగుడ్డు అంచు మీద ఆనించాను. అమ్మ రెప్ప వేయలేదు.

మామూలు కన్నయితే ఆ పోగు తగిలీ తగలకముందే మూసుకుంటుంది. మూడు రోజుల కిందట లేజరుతో పైపొర గీకేసిన కన్నయితే చెప్పనే అక్కర్లేదు, మనిషి కుర్చీలోంచి లేచి నన్ను తోసేయాలి. అమ్మ మాత్రం కదలకుండా కూర్చుని, "ఇంకా పెట్టలేదేందే?" అంది.

"పెట్టానమ్మా."

"ఎప్పుడు?"

నా వెనకాల నిలబడ్డ భానుమూర్తి సారు పకపకా నవ్వారు. నర్సు చప్పట్లు కొట్టింది. నేను గదిలో అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగి వచ్చి, నొప్పి ఎంతుందో రాసే గడిలో సున్నా వేశాను. మా మాత్ర వేసుకున్నవాళ్ళలో అమ్మ ఇరవై ఆరో మనిషి. అది ఇరవై ఆరో సున్నా.

నా పేరు యెస్తేరు. గుంటూరులో ఒక కంటి ఆసుపత్రి మేడ మీద మందుల ప్రయోగశాలలో పనిచేస్తాను. కింది అంతస్తులో కార్నియా ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరు భానుమూర్తి గారు. కార్నియా అంటే నల్లగుడ్డును కప్పి ఉండే అద్దంలాంటి పొర. అద్దమని పేరే గానీ, ఒంట్లో ఇంకెక్కడా లేనన్ని నొప్పి నరాలు అందులోనే ఉన్నాయి. దాని పైపొర గీకితే రెండు మూడు రోజులు కంట్లో కంకర పోసి తిప్పినట్టు ఉంటుంది. మొద్దుబార్చే చుక్కలున్నాయి, కానీ అవి వాడుతుంటే పుండు మానదు, అందుకని ఏ డాక్టరూ వాటిని ఇంటికివ్వడు. ఇక మిగిలింది నోటిమాత్రలే. నొప్పి ఎక్కాక వేస్తే దిగదు కాబట్టి ఎక్కకముందే, గడియారం చూసుకుని, ఆరు గంటలకొకటి వేయాలి. అవి సగం నొప్పి తీస్తాయి. మిగతా సగాన్ని రోగి గుడ్డముక్క కొరుక్కుంటూ భరించాలి.

ఆ మిగతా సగం మీద నాకు కక్ష.

అమ్మ పేరు మార్తమ్మ. ముప్ఫై రెండేళ్ళుగా మిరపకాయల షెడ్డులో తొడిమలు తీస్తోంది. ఆ ఘాటుకీ, కొంగుతో నలుపుకోవడానికీ రెండు కళ్ళ మీదా మచ్చలు కట్టాయి. ఆరేళ్ళ కిందట వేరే ఊళ్ళో కుడి కంటి మచ్చ గీకించాం. రెండో రోజు మధ్యాహ్నం మాత్ర వేయడం ఒక్క గంట ఆలస్యం చేశాను. నేను స్నానం చేసి వచ్చేసరికి అమ్మ రెండు గుప్పిళ్ళతో కన్ను నలుపుకుంటోంది. చేతులు పట్టుకుని లాగాను గానీ అమ్మ బలమైన మనిషి, నా వల్ల కాలేదు. చీము పట్టింది. నెల తిరక్కుండా ఆ కంటి చూపు పోయింది. ఇప్పుడది ఉడికిన గుడ్డు తెల్లసొనలా ఉంటుంది. నాతో మాట్లాడేటప్పుడు అమ్మ తల కాస్త కుడికి తిప్పి ఎడమ కన్ను నావైపు పెడుతుంది. అలా పెట్టినప్పుడల్లా నాకు అక్కడ నిలబడబుద్ధి కాదు.

కె-పంతొమ్మిది అని మేం పిలుచుకునే మాత్ర ఆ తర్వాత పుట్టింది. మిరపఘాటు తగిలినప్పుడు నరం మీద సన్నటి తలుపులు తెరుచుకుంటాయి, మంట ఆ దారినే లోపలికి వెళుతుంది. గీకిన పుండు నొప్పి కూడా చాలావరకు అదే దారిన వెళుతుంది. కె-పంతొమ్మిది మింగితే కంటికి వెళ్ళే నరం మీద తలుపులు మాత్రమే మూతపడతాయి. కుందేళ్ళ మీద పరీక్షించాక మనుషుల మీద వాడటానికి అనుమతి రావాలంటే ఏడాది ఆగాలన్నారు. నాకంత ఓపిక ఎక్కడిది? ఒక ఉదయం మాత్ర నేనే మింగి, గంటాగి, ఎండుమిరపకాయ నానబెట్టిన నీళ్ళు ఒక చుక్క కంట్లో వేసుకున్నాను. మంచినీళ్ళు పడ్డట్టుంది. అప్పుడే పైకి వచ్చిన భానుమూర్తి గారు నా చేతిలో గిన్నె చూసి, "నీకేమన్నా పిచ్చా తల్లీ?" అని అరిచారు.

"మండట్లేదు సార్."

ఆయన అరవడం ఆపేశారు. గిన్నె అందుకుని వాసన చూసి తుమ్మారు. "కొంచెం కూడా?" అన్నారు.

ఆ అనుమతులన్నీ వచ్చాక ఇరవై ఆరుగురికి ఇచ్చాం. అందులో ఒక చిన్న సంగతి ఉంది. మామూలు మాత్రలు వేసుకున్నవాళ్ళకి నాలుగు రోజుల్లో పైపొర కమ్ముకుంటే, మావాళ్ళకి ఆరు రోజులు పట్టేది. నివేదికలో 'స్వల్ప ఆలస్యం' అని రాశాను. సారు సంతకం పెట్టారు. నొప్పే లేనప్పుడు రెండు రోజులు ఎక్కువైతే ఎవరికి నష్టం అనుకున్నాం.

నియమం ప్రకారం మనిషికి ఐదు మాత్రలు, ఐదు రోజులు. అమ్మకి నేను యాభై మాత్రల సీసా ఇచ్చాను. ఎవరికీ చెప్పలేదు. ఐదు రోజుల తర్వాత నొప్పి మొదలైతే? ఆరో రోజు చెయ్యి కంటి మీదికి వెళితే? ఉన్నది ఒక్క కన్ను. అది కూడా పోతే అమ్మకి ఇక పగలూ లేదు, రాత్రీ లేదు. సీసా చేతిలో పెట్టి, "రోజూ పొద్దున ఒకటి వేసుకో. పూర్తిగా ఒకటి. మీ షెడ్డులో లాగా సగానికి విరవొద్దు. నేను మానమనేదాకా మానొద్దు," అన్నాను.

"నువ్వు జెప్పినాక ఎందుకు మాన్తానే," అంది అమ్మ.

ఏడో రోజు పరీక్షలో కన్ను దాదాపు మానింది. రంగు చుక్క వేసి నీలి దీపం కింద చూస్తే పుండు ఉన్నచోటు ఆకుపచ్చగా వెలుగుతుంది. అమ్మ కంట్లో ఆ పచ్చదనం సూదిమొనంత మిగిలింది. "ఇంకో రెండు వారాలు దుమ్ములోకి వెళ్ళకండి మార్తమ్మ గారూ," అన్నారు సారు. అమ్మ బుద్ధిగా తల ఊపింది.

ఆ తర్వాత నేను నివేదికలో పడ్డాను. అది సోమవారం ఢిల్లీకి వెళ్ళాలి. అక్కడ సరేనంటే వెయ్యి మందికి ఇచ్చి చూడొచ్చు. తినేటప్పుడు కూడా కాయితాలు పక్కన పెట్టుకునేదాన్ని. రోజూ పొద్దున అమ్మకి ఫోన్ చేసేదాన్ని.

"మంట ఉందా?"

"లేదు."

"మాత్ర వేసుకున్నావా?"

"ఏసుకున్నా."

ఫోన్ పెట్టేసేదాన్ని. తొమ్మిది రోజులు ఇవే రెండు ప్రశ్నలు అడిగాను. నేను చదివిన చదువుకి మూడో ప్రశ్న తట్టలేదు.

పదహారో రోజు పనిమీద మిర్చి యార్డు వైపు వెళ్ళాల్సి వచ్చి, మధ్యాహ్నం అమ్మ ఇంటి దగ్గర ఆగాను. తలుపుకి తాళం. పక్కింటావిడ నన్ను చూసి, "షెడ్డుకి పోయింది గదమ్మా. వారం పైనుంచీ పోతానే ఉంది," అంది. నేను ఆవిడకి జవాబు కూడా చెప్పకుండా వెనక్కి తిరిగాను.

షెడ్డు గుమ్మంలో అడుగు పెట్టగానే ముక్కులోంచి గొంతులోకి ఘాటు దిగింది. కళ్ళు ధారగా కారిపోయాయి. చిన్నప్పుడు బడి అయ్యాక అక్కడే ఓ మూల కూర్చుని లెక్కలు చేసుకునేదాన్ని కాబట్టి ఘాటు నాకు కొత్త కాదు. అక్కడి పనికి ఒక పద్ధతుంది. ఆడవాళ్ళు ఏడుగురేసి వరసగా కూర్చుంటారు. వరసలో ఎవరికి కళ్ళు ఆగకుండా కారినా "నీళ్ళు" అని కేకేస్తారు. వరస మొత్తం లేచి తొట్టి దగ్గరికి వెళ్ళి మొహాలు కడుక్కుని, కాస్త గాలి పీల్చుకుని వచ్చి కూర్చుంటుంది. గంటకి ఒకసారైనా ఎవరో ఒకరు కేకేస్తారు. మేస్త్రీ కూడా ఏమీ అనడు. ఆ రోజు మిగతా వరసలు లేస్తున్నాయి, కూర్చుంటున్నాయి. అమ్మ వరస మాత్రం కదలడం లేదు. దగ్గుతున్నారు, తుమ్ముతున్నారు, నవ్వుకుంటున్నారు. కళ్ళు తుడుచుకుంటున్న కొంగు ఒక్కటీ లేదు.

"అదుగో, పాప వచ్చింది!" అని కేక వినబడింది. "చలవ బిళ్ళ పాప!"

మస్తాన్‌బీ. అమ్మ పక్కన ముప్ఫై ఏళ్ళుగా కూర్చునే మనిషి, నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి.

"చలవ బిళ్ళేంటి పిన్నీ?"

"ఏందంటావేంది! నువ్వే గదా చేసింది! పొద్దున్నే అక్క మా అందరికీ తలా సగం పెడతంది. మూడు బిళ్ళలు, ఆరుగురం. నా జన్మలో ఇంత సుకంగా కూసుంది లేదు పాపా. మంట ఉంటది గానీ ఊరికే చుర్రుమంటది, అంతే. రోజు మొత్తానికి రెండుసార్లు లేత్తన్నాం. అక్కయితే అప్పుడు గూడా లెయ్యదు."

షెడ్డులో ఏ మందయినా అంతే. ఒకరి తలనొప్పి బిళ్ళ ఇద్దరు వేసుకుంటారు, ఒకరి దగ్గుమందు మూత వరసంతా తిరుగుతుంది. తనకి హాయిగా ఉన్నదేదో పక్కమనిషికి పెట్టకుండా మింగడం అక్కడ సిగ్గుమాలిన పని. ఇది నాకు తెలుసు. ఆ వరసలో పంచుకున్న దగ్గుమందు తాగి పెరిగినదాన్నే నేను. తెలిసి కూడా సీసా ఇచ్చాను.

అమ్మ తల కుడికి తిప్పి నావైపు చూసి నవ్వింది. నల్లగుడ్డు మీద, కింది వైపున, మెంతిగింజంత తెల్లటి మచ్చ.

"అమ్మా, కన్ను..."

"ఏమైందే? బానే ఉంది."

"నేను కనిపిస్తున్నానా?"

"కనపడకేం? కాస్త పొగ పట్టినట్టుంది, అంతే."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఐదారు రోజుల్నించి."

"రోజూ ఫోన్ చేస్తున్నానుగా! చెప్పొద్దూ?" అరిచాను. వరసలు వరసలు మా వైపు తిరిగాయి.

అమ్మ మొహం చిన్నబోయింది. "నువ్వు మంట సంగతే గదా అడిగింది," అంది.

అమ్మనీ, ఆ ఆరుగురినీ రెండు ఆటోల్లో ఆసుపత్రికి తీసుకొచ్చాను. దారిలో అమ్మ నా చెయ్యి పట్టుకోబోతే లాక్కున్నాను. కోపం అమ్మ మీద అనుకున్నాను అప్పటికి.

నీలి దీపం కింద అమ్మ కంట్లో ఐదు మిల్లీమీటర్ల మేర ఆకుపచ్చగా వెలిగింది. భానుమూర్తి గారు దీపం ఆర్పి నన్ను పక్కకి పిలిచారు.

"తొడిమ ముక్క గీరి ఉంటుంది. గీరినట్టు ఈవిడకి తెలీదు. నలక పడితే నీళ్ళు రావాలి, రెప్ప కొట్టుకోవాలి. రెండూ లేవు. పైగా ఆ నరం మేలుకుని ఉంటేనే పుండు మీద పొర కమ్ముకుంటుంది. మనం దాన్ని పదహారు రోజులు పడుకోబెట్టాం."

"ఇప్పుడు?"

"నీ మాత్ర ఆపేద్దాం. గంటగంటకీ చీము పట్టకుండా మందు చుక్కలు వేద్దాం. నరం దానంతటది లేవాలి. మూడు రోజులు చూద్దాం. మూడో రోజు మధ్యాహ్నానికి పచ్చదనం తగ్గకపోతే, పుండు ఎండిపోకుండా కన్ను మూసి రెప్పలు కుట్టేయాలి. ఆలోపు కార్నియా కరిగి చిల్లు పడిందా, కుట్టినా లాభం లేదు."

మెల్లగా అంటున్నాం అనుకున్నాం గానీ అమ్మ చెవులకి ఏ జబ్బూ లేదు.

"ఇది గూడా పోద్దా డాట్రు గారూ?" అని అడిగింది. సారు నావైపు చూశారు. నేను గోడవైపు చూశాను.

ఆరుగురి కళ్ళూ పరీక్ష చేశాను. దూదిపోగు ఆనించగానే ఆరుగురూ రెప్ప వేశారు. ఒక్క క్షణం ఆలస్యంగానే, కానీ వేశారు. పచ్చదనం ఎవరికీ లేదు. మస్తాన్‌బీకి మాత్రం చిన్న గీత ఉంది, అదీ మానుతోంది. "మొన్న చుర్రుమంటే లేచి కడుక్కున్నాలే," అంది.

సగం వేసుకున్నవాళ్ళ కళ్ళు మేలుకునే ఉన్నాయి. సగం చేయొద్దని నేను గట్టిగా చెప్పిన మాత్రని సగం చేసి మింగినవాళ్ళకి ఏమీ కాలేదు. నా మాట విని, పక్కవాళ్ళందరికీ సగాలు పంచి కూడా, తను మాత్రం రోజూ పూర్తి మాత్ర మింగింది అమ్మ ఒక్కతే. కూతురు చేసిన మందు కదా, కూతురికి తెలుసు కదా అని మింగింది. ఆ కుర్చీ మీదే కూర్చుని ఏడ్చాను. మస్తాన్‌బీ మిరపఘాటు చేతులతో నా వీపు నిమిరింది.

ఆ సాయంత్రం సారు గదిలో ఇద్దరం నివేదిక ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఆయన కూర్చున్నారు, నేను తిరుగుతున్నాను.

"ఐదు మాత్రలు వేసుకున్న వాళ్ళందరూ బాగానే ఉన్నారు," అన్నారు ఆయన. "దీన్ని ఆపడం ఎందుకమ్మా? మీ అమ్మగారి దగ్గరికి యాభై మాత్రలు ఎలా వచ్చాయో అది వేరే సంగతి."

"నేనే ఇచ్చాను సార్."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఉద్యోగం పోతుంది, తెలుసా?"

"పోనివ్వండి. స్వల్ప ఆలస్యం అని రాసింది కూడా నేనే. ఆ రెండు రోజుల్లోనే అంతా ఉంది. నరం మొద్దుబారితే పొర కమ్మదని అక్కడే తెలుస్తోంది. చూసి కూడా చూడలేదు. వెయ్యి మందికి ఇచ్చాక వాళ్ళలో ఎంతమంది సీసా దాచుకుంటారో, ఎంతమంది పక్కవాళ్ళకి పెడతారో మనకేం తెలుసు?"

ఆయన చాలాసేపు కాయితాలు తిప్పారు. చివరి కాయితం దగ్గర ఆగి, "సంతకం నాది కూడా ఉందిగా," అని నివేదికని సొరుగులో పెట్టి మూశారు.

ఆ ఇరవై ఆరుగురు కాక, ఆ వారం ఆపరేషన్ అయ్యి ఇంకా మాత్ర వేసుకుంటున్నవాళ్ళు ఇంకో నలుగురున్నారు. మాత్ర ఆపమని నేనే ఫోన్ చేశాను. ముగ్గురు విని ఊరుకున్నారు. నాలుగో ఆయన వీరబ్రహ్మం, వడ్రంగి, ఆపరేషన్ అయ్యి రెండో రోజు.

"ఆపితే నొప్పొస్తదా అమ్మా?"

"వస్తుందండీ. వేరే మాత్రలు పంపిస్తాం. టైముకి వేసుకుంటే సగం తగ్గుతుంది."

"మిగతా సగమో?"

నేను మాత్రల వేళలు మళ్ళీ చెప్పబోయాను.

"నొప్పి లేకుండా చేస్తామని జెప్పే గదా కాయితం మీద ఏలిముద్ర ఏయించుకున్నారు," అని ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేస్తే తీయలేదు. మాత్రలు పట్టుకుని ఆయన ఇంటికి మనిషిని పంపించాం.

మొదటి రోజు అమ్మకి ఏమీ తెలియలేదు. దూదిపోగు ఆనిస్తే రెప్ప కదల్లేదు. మామూలు నొప్పి మాత్రలు మాత్రం ముందునుంచే మొదలుపెట్టాం, నరం ఎప్పుడు లేస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి. ఆరు గంటలకొకటి. గడియారం చూడటం తప్ప నేనే పనీ చేయలేదు. అమ్మకేమో ఊరికే పడుకోవడం చేతకాదు. దుప్పటి అంచు పట్టుకుని తొడిమలు తీసినట్టు తీస్తూ పడుకుంది.

మస్తాన్‌బీ వరసని పంచింది. పూటకి ఇద్దరు, మంచానికి అటొకరు ఇటొకరు, ఒక్కొక్కరు ఒక్కో చెయ్యి పట్టుకోవాలి. నొప్పి వచ్చిన క్షణాన చెయ్యి కంటి మీదికి వెళ్ళకూడదు. కట్టేస్తే సరిపోతుంది కదా అంది నర్సు. "దూడనుకున్నావా కట్టెయ్యటానికి?" అని మస్తాన్‌బీ ఆమె మీదికి లేచింది. వార్డులోకి వచ్చే ముందు ఆరుగురి చేతులూ సబ్బుతో మూడుసార్లు కడిగించాం. అయినా ఘాటు పోలేదు. పక్క మంచాలవాళ్ళు రెండు రోజులూ తుమ్మారు.

రెండో రోజు పచ్చదనం ఐదున్నర అయింది. తగ్గాల్సింది పెరిగింది. సారు మర్నాడు రెండు గంటలకి ఆపరేషన్ గది కావాలని నర్సుకి చెప్పి వెళ్ళారు. రెప్పలు కుట్టడానికి. అమ్మ వింది. నన్ను దగ్గరికి రమ్మని నా మొహం చేత్తో తడిమింది. బుగ్గలు, ముక్కు, చెవులు. నేర్చుకుంటున్నట్టు తడిమింది. నేను చెయ్యి వదిలించుకుని వరండాలోకి వెళ్ళి, ఆ చివరనుంచి ఈ చివరికి ఎన్నిసార్లు తిరిగానో తెలియదు.

మూడో రోజు పదకొండు గంటలకి అమ్మ, "ఏందో చీమ పాకినట్టుందే," అంది.

"ఎక్కడ?"

"కంట్లో."

పన్నెండింటికి అది చీమ కాదు. అమ్మ నడుము మంచం మీంచి లేచిపోయింది. "అమ్మో" అన్న కేకకి పక్క వార్డులో గిన్నె ఎవరి చేతిలోంచో కింద పడింది. ఇన్నాళ్ళూ పడుకున్న నరం ఒక్కసారిగా లేచింది. అమ్మ రెండు చేతులూ ఒక్క ఊపున కంటి మీదికి వెళ్ళాయి. మస్తాన్‌బీ కుడి చెయ్యి మీద, ఇంకొకామె ఎడమ చెయ్యి మీద మొత్తం బరువేసి పడుకున్నారు. టైముకి వేసిన మాత్ర సగం నొప్పి తీస్తూనే ఉండాలి. తీయగా మిగిలింది ఇంత ఉందా అనిపించింది.

"ఒక్క బిళ్ళ ఇయ్యవే," అంది అమ్మ. "నీకు దణ్ణం పెడతా. ఒక్కటి. ఒక్కటి గాకపోతే సగం. సగం ఇయ్యి చాలు."

నా సంచిలో కె-పంతొమ్మిది ఒక అట్ట ఉంది. ఎందుకు పెట్టుకున్నానో నాకే తెలియదు. తెలుసు, అందుకే పెట్టుకున్నాను. ఒక మాత్ర తీసి మధ్యకి విరిచాను. సగంతో ఆరుగురికి ఏమీ కాలేదు కదా. సగంతో అమ్మ శాంతిస్తుంది కదా. ఈ కేక ఆపడానికే కదా ఆరేళ్ళు నేను పనిచేసింది. ఆ ముక్క అరచేతిలో పెట్టుకుని మంచం దగ్గరికి వచ్చాను.

మస్తాన్‌బీ తలెత్తి నా చేతిలోకి చూసింది. "అదేత్తే కన్ను నిలుత్తదా పాపా?"

"తెలీదు పిన్నీ."

"తెలీకపోతే ఎందుకేత్తావ్?"

రెండు ముక్కలూ, మిగిలిన అట్టా తీసుకెళ్ళి వాష్ బేసిన్‌లో నలిపి కుళాయి తిప్పాను. నీళ్ళ చప్పుడుకి అమ్మకి సంగతి తెలిసిపోయింది.

"పారబోసినావా? నా నోటికాడిది పారబోసినావా? నువ్వు నా కడుపున పుట్టినదానివేనా?" అని అరిచింది. ఆ తర్వాత అన్న మాటలు రాయలేను. ముప్ఫై రెండేళ్ళు షెడ్డులో ఉన్న మనిషికి వచ్చిన తిట్లన్నీ నన్ను తిట్టింది. ఎడమవైపున్నామెని లేపి ఆ చెయ్యి నేను పట్టుకున్నాను. అమ్మ గోళ్ళు నా మణికట్టులో దిగాయి. దిగనిచ్చాను.

ఒంటిగంటన్నరకి సారు వచ్చారు. వెనకాల నర్సు కుట్లు వేసే సామాను పళ్ళెంలో పట్టుకుని నిలబడింది. రంగు చుక్క వేయబోతే కుదరలేదు. కంట్లోంచి నీళ్ళు ఎంతగా కారుతున్నాయంటే వేసిన రంగు వేసినట్టే బుగ్గ మీదికి జారిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి రెప్పలు విడదీసి పట్టుకుని వేశారు. దీపం పెట్టి, కొలిచి, తల తిప్పి మళ్ళీ కొలిచారు.

"నాలుగున్నర," అన్నారు. నాకు వినబడలేదనుకుని మళ్ళీ అన్నారు. "నాలుగున్నరమ్మా. తగ్గింది." నర్సు వైపు తిరిగి పళ్ళెం తీసుకెళ్ళిపొమ్మని చెయ్యి ఊపారు.

నేను మంచం పక్కన కింద కూలబడ్డాను. చెయ్యి మాత్రం వదల్లేదు.

"అమ్మా, మానుతోంది."

"మంటే..."

"తెలుసు. ఇంకో నాలుగైదు రోజులు ఉంటుంది. మాత్రలు టైముకి వేస్తాను, సగం తగ్గుతుంది. మచ్చ కొంచెం మిగులుతుందేమో గానీ చూపు ఉంటుంది. నేను కనిపిస్తాను."

అమ్మ రొప్పుతూ తల కుడికి తిప్పింది. ఎర్రగా, నీళ్ళు కారుతున్న కన్ను నావైపు పెట్టి చూసింది.

"నువ్వు ఏడుత్తన్నావా, నవ్వుతన్నావా? నాకు తెలవట్లా."

"రెండూనమ్మా."

"నా పానం పోతంటే నీకు నవ్వొత్తందా?"

"వస్తోంది. నువ్వు అరుస్తుంటే నాకు సంతోషంగా ఉందమ్మా." అనకూడని మాట. అనేశాను.

అమ్మ పళ్ళు బిగించి పై కప్పు వైపు చూస్తూ పడుకుంది. తర్వాత నా వేళ్ళ మధ్య తన వేళ్ళు సర్దుకుంది.

"అట్టయితే గట్టిగా పట్టుకో," అంది. "అరుత్తా."

మస్తాన్‌బీ అటు, నేను ఇటు పట్టుకున్నాం. అమ్మ అరిచింది. పక్క వార్డులో నడవగలిగిన వాళ్ళందరూ లేచి మా గుమ్మం దగ్గరికి వచ్చారు.